కచేరీ ఎవరిది, రికార్డు ఎవరిది?

తిరుపతిలో పాట వినపడని రోజంటూ ఉండదు. కొండమీద నాదనీరాజనం వేదిక ఉంది. ఊళ్లో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి. 1959 నుంచి నడుస్తున్న శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. మే నెలలో గంగమ్మ జాతర వస్తే వీధివీధికీ పలకల మోత, ఆర్కెస్ట్రాలు. చిత్తూరు వైపు పల్లెల్లో పగలు హరికథగా, రాత్రి వీధినాటకంగా సాగే మహాభారత ఉత్సవాలు. ఇంత సంగీతం ఉన్న ప్రాంతంలో కూడా రెండు ప్రశ్నలకు సూటి జవాబు దొరకదు. సంస్థ అండ, సినిమా అండ లేని ఒక బృందం విదేశాలకు వెళ్లి పాడి రాగలదా? పాడిన కచేరీని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే ఆ బృందం ఎదుగుతుందా, నష్టపోతుందా?

ఈ వాదన చిక్కుపడటానికి ముఖ్య కారణం, మాట్లాడేవాళ్లు ఒకే రకం బృందాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడకపోవడం. ఒకరి దృష్టిలో అన్నమయ్య సంకీర్తనలు పాడే భజన బృందం ఉంటుంది. మరొకరి దృష్టిలో పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా పార్టీ. ఇంకొకరు సొంత పాటలు రాసుకునే కుర్రాళ్ల బ్యాండ్ గురించి చెబుతుంటారు. ముగ్గురి కష్టం వేరు, చట్టం ముందు ముగ్గురి స్థానమూ వేరే. ఉచితమా, డబ్బులకా అన్న వాదన మీదే చర్చంతా నడవడం వల్ల అసలు విషయం మరుగున పడిందని ఈ సమీక్ష అభిప్రాయం. ఆ విషయం, కచేరీ రికార్డు ఎవరి చేతిలో ఉంటుందన్నది.

రాగి రేకులు నేర్పిన సంగతి

ఈ ప్రశ్నకు తిరుపతిలో ఉన్నంత పాత సాక్ష్యం తెలుగునాట మరెక్కడా లేదు. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) పాడిన సంకీర్తనలు ముప్ఫై రెండు వేలని సంప్రదాయం చెబుతుంది. రాగి రేకులకు ఎక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచిన వాటిలో మనకు దక్కినవి సగం కూడా కావు. దక్కినవి దక్కినందుకు సంతోషమే. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చు వేయించకపోతే ఈనాటి అన్నమయ్య మనకు లేడు.

అయితే రేకుల మీద సాహిత్యం ఉంది, దాని పైన రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అన్నమయ్య ఏ బాణీలో పాడాడో చెప్పే ఆధారం లేకుండా పోయింది. అంటే ఇంత జాగ్రత్తగా కాపాడిన సంపదలోనే కచేరీ పోయింది, పుస్తకం మిగిలింది. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు వందల కీర్తనలకు కొత్త బాణీలు కట్టారు. 2025 మార్చిలో ఆయన కన్నుమూసేనాటికి ఆ బాణీలు తెలుగువాళ్లున్న ప్రతి దేశంలోనూ పూజగదుల్లో మోగుతున్నాయి. క్యాసెట్టు, రేడియో, ఆ తర్వాత ఇంటర్నెట్ చేసిన పని అది. ప్రత్యక్ష గానాన్ని రికార్డు చేయకూడదనే వాదం వినిపించినప్పుడల్లా ఈ చరిత్రను గుర్తు చేయాలి. రాసిపెట్టుకున్నది నిలిచింది, పాడినది పోయింది.

పొలిమేర దాటినవాళ్లు

తెలుగు కళాకారుల విదేశీ పర్యటనలు ఈ తరంతో మొదలు కాలేదు. పాలకొల్లు కుర్రవాడు ఉప్పలపు శ్రీనివాస్ పద్నాలుగేళ్ల వయసులోనే, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వినిపించాడు. తర్వాత జాన్ మెక్లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. రాయలసీమలోనే, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఎన్ని తరాల పాటు ఊరూరా గుడారం వేసి బతికిందో తెలుగువారికి చెప్పక్కర్లేదు. ఆ కుటుంబాలు 2013లో ఫ్రాన్సులోని మెట్జ్ నగరం దాకా వెళ్లి నాటకాలు ఆడి వచ్చాయి. నటీనటులతో పాటు తెరలు, రంగస్థల సామగ్రి కూడా కదలాల్సిన సురభికే అది సాధ్యపడింది. నలుగురు కుర్రాళ్లు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు ఉన్న బృందానికి అసాధ్యం కాకూడదు.

ఇతర రాష్ట్రాల్లో దారి ఇప్పటికే పడింది. కన్నడ జానపదాన్ని రాక్‌తో కలిపిన రఘు దీక్షిత్ ప్రాజెక్ట్ 2011లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పాడింది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ మొదట యూట్యూబ్ వీడియోలతో శ్రోతలను కూడగట్టుకుని, 2019లో జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవానికి చేరింది. కేరళలోని తైక్కుడం బ్రిడ్జ్ టీవీ కార్యక్రమంలో పుట్టి, ఆ ప్రత్యక్ష ప్రదర్శనల వీడియోల బలంతోనే దేశాలు తిరిగింది. చివరి రెండింటిలోనూ ముందు వీడియో తిరిగింది, బృందం తర్వాత తిరిగింది.

తెలుగులో ఈ క్రమం మధ్యలో తెగిపోతుంటుంది. సొంత పాటలతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ బృందం చౌరస్తా ఉదాహరణ చూడండి. 2020లో కరోనా జాగ్రత్తల మీద వాళ్లు చేసిన పాట ఇంటింటికీ చేరింది. మరుసటి ఏడాది ‘జాతిరత్నాలు’లో పాటతో ఆ బృందపు గాయకుడు రామ్ మిరియాలను సినిమా అందిపుచ్చుకుంది. అది ఆయన ప్రతిభకు దక్కిన న్యాయమైన ఫలితం, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ తెలుగులో బృందానికి వచ్చిన పేరు ఆఖరికి సినిమా ఖాతాలోకే చేరే పరిస్థితి ఉన్నంతకాలం బృందంగా విదేశాలు తిరిగే వాళ్లు తక్కువగానే ఉంటారు. తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఎస్వీయూ, ఐఐటీ, ఐసర్ ప్రాంగణాల్లో బ్యాండ్లకు విద్యార్థుల కొరత లేదు. చదువు అయ్యాక మాత్రం వాళ్లు చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోతారు, అక్కడ అక్కడి బృందాల్లో కలిసిపోతారు.

వెళ్లే దారులు మూడు

ఇవాళ ఈ ప్రాంతపు బృందం విదేశీ వేదిక ఎక్కాలంటే ఉన్న దారులు మూడు. మొదటిది సంస్థ వెంట వెళ్లడం. దేవస్థానం విదేశాల్లో శ్రీనివాస కల్యాణాలు చేసినప్పుడు అర్చకులతో పాటు సంకీర్తన గాయకులూ వెళతారు. 2022 వేసవిలో అమెరికా నగరాల్లో జరిగిన కల్యాణాలు ఈ కోవలోవే. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) కూడా తన జాబితాకెక్కిన శాస్త్రీయ, జానపద కళాకారులను విదేశాలకు పంపుతుంది. ఇందులో ఖర్చు భయం లేదు. అయితే ఏం పాడాలో, ఎవరు వెళ్లాలో నిర్ణయించేది సంస్థ.

రెండోది ప్రవాస సంఘాల ఆహ్వానం. అమెరికాలో తానా, ఆటా, నాట్స్ వంటివి రెండేళ్లకోసారి మహాసభలు చేస్తాయి. సిలికానాంధ్ర 2009 మే 10న హైదరాబాద్ పరేడ్ మైదానంలో లక్షా అరవై వేలకు పైగా గొంతులతో అన్నమయ్య కీర్తనలు పాడించి గిన్నిస్ రికార్డు సాధించిందంటే, ప్రవాసులకు తిరుపతి సంగీతం మీద ఎంత మమకారమో తెలుస్తుంది. ఆ మమకారమే ఈ దారికి బలం. బలహీనత కూడా ఉంది. మహాసభ వేదిక మీద పెద్ద సమయం సినిమావాళ్లది. కొత్త బృందానికి దొరికేది భోజనాలకు ముందో, ప్రసంగాల మధ్యో కాస్త సందు.

మూడోది సొంతంగా వేదికలు కుదుర్చుకుని, టికెట్లు అమ్మి పర్యటించడం. బ్లడీవుడ్ వంటివాళ్లు వెళ్లిన దారి ఇదే. రాబడి, రికార్డు, పాటల ఎంపిక అన్నీ బృందం చేతిలో ఉండే దారి ఇదొక్కటే. తెలుగువాళ్లు అతి తక్కువగా నడిచిన దారీ ఇదే.

మూడో దారిలో ముందు ఎదురయ్యేది వీసా. అమెరికాలో సందర్శక వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని కచేరీ చేయడం కుదరదు. ఒక సంస్కృతికే ప్రత్యేకమైన కళకు పీ-3, అంతర్జాతీయ గుర్తింపు ఉన్న బృందాలకు పీ-1 తరగతులున్నాయి. పీ-1 అడిగితే సభ్యుల్లో నూటికి డెబ్బై అయిదు మంది కనీసం ఏడాదిగా ఆ బృందంలో ఉండాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ దరఖాస్తు రుసుము 1,015 డాలర్లయింది, చిన్న సంస్థలకు, లాభాపేక్ష లేని సంఘాలకు 510. త్వరగా తేల్చమంటే దానికి మరో పెద్ద రుసుము. అక్కడ అందే పారితోషికంలో సాధారణంగా 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. ఇంటర్వ్యూకు అమెరికా కాన్సులేట్ ఉన్న నగరానికి వెళ్లాలి. బ్రిటన్ ఈ విషయంలో కొంత నయం. ముందే కుదిరిన ఆహ్వానం ఉంటే, నెలలోపు ముగిసే కచేరీలకు సందర్శక వీసాలోనే పారితోషికం తీసుకునే వీలు 2024 జనవరి నుంచి ఉంది. పీ-3 కావాలంటే కళ ఆ సంస్కృతికే ప్రత్యేకమైనదని, పీ-1 కావాలంటే బృందానికి పేరుందని ఆధారాలు చూపాలి. ఆ ఆధారాలు కూడగట్టడానికి ఆన్‌లైన్‌లో ఉన్న కచేరీ వీడియోలు పనికొస్తాయి. పర్యటన ప్రశ్న, పంచుకోవడం ప్రశ్న ఇక్కడ కలుస్తాయి.

పంచుకోవడం మీద నాలుగు వాదాలు

మొదటి వాదం: ధారాళంగా పంచండి. దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా బృందం గ్రేట్‌ఫుల్ డెడ్. అభిమానులు కచేరీలు రికార్డు చేసుకుని డబ్బు లేకుండా మార్చుకోవడాన్ని ఆ బృందం అనుమతించింది, 1984 నుంచి వాళ్లకు హాల్లో వేరే చోటు కూడా ఇచ్చింది. 2002లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మొదలుపెట్టిన ప్రత్యక్ష సంగీత భాండాగారం ఇలా అనుమతిచ్చిన వేల బృందాల కచేరీలను దాచింది. మనవైపు కర్ణాటక సంగీత రసికులు స్పూల్ టేపుల కాలం నుంచి చేస్తున్నదీ ఇదే. వ్యాపారానికి వాడకూడదన్న కట్టుబాటుతో ‘సంగీతప్రియ’ వంటి స్వచ్ఛంద ప్రయత్నాలు ఎన్నో పాత కచేరీలను బతికించాయి.

రెండో వాదం: హక్కు ముందు, పంపకం తర్వాత. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో ప్రదర్శకుల హక్కు చేరింది, తర్వాత దాని గడువు 50 ఏళ్లయింది. 2012 సవరణ ఆ హక్కును బలపరిచి, ప్రదర్శన మీద వచ్చే వాణిజ్య రాబడిలో ప్రదర్శకుడికి వాటా ఇచ్చింది, పేరు ప్రకటించమని అడిగే హక్కూ ఇచ్చింది. ప్రదర్శకుడు అనే నిర్వచనంలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితో పాటు పాములాడించేవారు కూడా ఉన్నారు. గంగమ్మ జాతరలో పలక కొట్టే మనిషికీ ఈ హక్కు వర్తిస్తుంది. ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్లు ఎవరూ లేకపోవడమే విచారకరం.

మూడో వాదం: కచేరీ ఎదురుగా కూర్చుని వినవలసినది. ఫోన్లు ఎత్తి పట్టుకుంటే కళాకారుడికి ఏకాగ్రత చెడుతుంది. ఒక రాత్రి చేసిన ప్రయోగం, తడబాటు శాశ్వతంగా తెరమీద ఉండిపోతుందన్న భయంతో మనోధర్మం మొక్కుబడిగా మారుతుంది. ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయలేం. అయినా రాగి రేకుల కథ తెలిసినవాళ్లు దీన్ని పూర్తిగా ఒప్పుకోలేరు.

నాలుగోది తిరుపతికే చెందిన వాదం. స్వామి పాటకు వెల కట్టకూడదు అంటుంది ఇది. 2008 జూలైలో మొదలైన దేవస్థానం వారి ఎస్వీబీసీ చానల్ ఈ భావన మీదే నడుస్తోంది. కాపీరైట్ చట్టం కూడా నిజమైన మతపరమైన వేడుకలో భాగంగా జరిగే గానానికి అనుమతి అక్కర్లేదని 52వ సెక్షన్‌లో చెప్పింది. సంస్థ జీతం ఇచ్చినంతకాలం ఈ వాదం ఎంతో ఉదాత్తమైనది. జీతం లేని బయటి బృందానికి ఇదే మాట చెప్పడం మాత్రం అన్యాయం. గాయకుడి భక్తి నిజమే, ఘటం మోసుకొచ్చినవాడి బస్సు చార్జీ కూడా అంతే నిజం.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనబడుతుంది. మొదటి వాదం కొత్త బృందానికి సరిపోతుంది, ఎందుకంటే వాళ్లకు ముందు శ్రోతలు కావాలి. రెండోది పేరు వచ్చినవాళ్లకు, సొంత పాటలున్నవాళ్లకు ఎక్కువ ఉపయోగం. మూడోది శాస్త్రీయ కచేరీ హాలును మనసులో పెట్టుకున్నది. నాలుగోది గుడిని. తన మనసులో ఉన్న వేదికను అన్ని వేదికలకూ నియమంగా పెట్టాలనుకోవడం దగ్గరే ప్రతి వాదమూ పొరబడుతోంది.

2017లో వచ్చిన నోటీసు

పాట హక్కు ఎవరిదన్న ప్రశ్న తెలుగు ఇళ్లలోకి గట్టిగా వచ్చింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ద్వారా. శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదువుకున్న ఆయన సినీరంగంలో యాభై ఏళ్ల సందర్భంగా అప్పట్లో ప్రపంచ పర్యటన చేస్తున్నారు. 2017 మార్చిలో బృందం అమెరికాలో ఉండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదంటూ ఇళయరాజా తరఫు నుంచి నోటీసు వచ్చింది. బాలు ఆ విషయాన్ని ఫేస్‌బుక్‌లో ప్రకటించి, ఇకమీదట ఆ పాటలు పాడబోమని, కార్యక్రమాలు మాత్రం ఆగవని చెప్పారు. అభిమానులు రెండుగా చీలిపోయారు. చివరకు 2019 జూన్‌లో ఇద్దరూ చెన్నైలో ఒకే వేదిక మీద కనిపించారు.

ఆ రోజుల్లో స్నేహం, కృతజ్ఞత, అహం గురించి ఎంతో రాశారు. చట్టం గురించి రాసింది తక్కువ. వేదిక మీద పాట పాడటానికి స్వరకర్తకు, గీతరచయితకు చెందాల్సిన లైసెన్సు రుసుము సాధారణంగా నిర్వాహకుడు కట్టాలి. భారతదేశంలో 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్, అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ, బ్రిటన్‌లో పీఆర్ఎస్ దానికోసమే ఉన్నాయి. అయినా నోటీసు వచ్చేది గాయకుడికి, పరువు పోయేదీ గాయకుడిదే. అంత పెద్ద గాయకుడికే ఇలా జరిగితే, పుత్తూరు నుంచో పలమనేరు నుంచో దుబాయ్ వెళ్లే ఆర్కెస్ట్రా మాటేమిటి? ఆహ్వాన పత్రంలో ‘వేదిక లైసెన్సు బాధ్యత నిర్వాహకులదే’ అన్న ఒక్క వాక్యం రాయించుకుంటే చాలావరకు ఇబ్బంది తీరుతుంది. సొంత పాటలున్న బృందానికి హక్కుల పట్టింపు రెండో వైపు నుంచి అక్కరకొస్తుంది. 2022లో ‘కాంతార’ సినిమా పాట తమ పాటకు అనుకరణ అని తైక్కుడం బ్రిడ్జ్ కోర్టుకెళ్లి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోగలిగింది. సొంత పాట తమదని చూపించుకోగల స్థితిలో ఉండటమే అక్కడ పనికొచ్చింది.

యంత్రం ఇచ్చే తీర్పు

కోర్టుదాకా వెళ్లేవి ఎక్కడో ఒకటీ అరా. రోజూ తీర్పులిచ్చేది యూట్యూబ్‌లో 2007 నుంచి పనిచేస్తున్న కంటెంట్ ఐడీ. ఆర్కెస్ట్రా పాడిన సినిమా పాటను అది పట్టుకుంటే వీడియో మీద ప్రకటనల రాబడి పాట యజమానికి వెళ్లవచ్చు, ప్రత్యక్ష ప్రసారమైతే మధ్యలో ఆగిపోవచ్చు. సినిమా పాట విషయంలో దీన్ని అర్థం చేసుకోగలం. అన్నమయ్య కీర్తన విషయంలోనే అసలు చిక్కు. సాహిత్యం ఎవరి సొత్తూ కాదు. ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన బాణీ మాత్రం కట్టినవారు మరణించాక 60 ఏళ్ల వరకు రక్షణలో ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా కట్టిన బాణీ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు ఆ సంస్థే. దాన్ని పాడి అమ్మిన రికార్డు మీద మరో కంపెనీకి వేరే హక్కు. సాహిత్యం, బాణీ, రికార్డు అనే ఈ మూడు పొరల్ని యంత్రం ప్రతిసారీ సరిగ్గా విడదీయలేదు. అదే రాగంలో, అదే బాణీలో తన గొంతుతో పాడిన అమ్మాయి వీడియోను ఎవరిదో రికార్డుగా అది పొరబడవచ్చు. అభ్యంతరం చెప్పే వీలుంది, కానీ చాలామంది భయపడి వీడియో తీసేస్తారు.

రాబడి సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. యూట్యూబ్ ప్రకటనల డబ్బు అందాలంటే 1,000 మంది చందాదారులతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ వంటి గీత దాటాలి. స్పాటిఫైలో 2024 నుంచి పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినని పాటకు పైసా రాదు. చిన్న బృందానికి ఆన్‌లైన్ పాట జీతం ఇవ్వదు, ఆహ్వానం తెస్తుంది. ఆహ్వానం తేవాలంటే ఆ వీడియో బృందం పేరుతో, బృందం చానల్లో, మంచి శబ్దంతో ఉండాలి. ఎవరో ప్రేక్షకుడు వెనక వరుసలోంచి తీసింది లక్షల మంది చూసినా, కింద పేర్లు లేకపోతే బృందానికి ఒరిగేది తక్కువ.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలు నిజంగానే తెగలేదు. బృందం విడిపోతే పాత కచేరీల చానల్ ఎవరిది? విదేశీ సంఘం తన ఖర్చుతో రికార్డు చేస్తే అసలు ప్రతి ఎవరి దగ్గర ఉండాలి? గుడిలో పాడినది మతపరమైన వేడుక, సరే. అదే గానం ప్రకటనలు వచ్చే చానల్లోకి ఎక్కితే ఆ మినహాయింపు దానికీ వర్తిస్తుందా? భారత ఉత్సవాల్లో తరతరాలుగా పాడే వీధినాటక పాటలకు ఒక్క రచయిత ఉండడు. వాటిని బ్యాండ్ తీసుకుని విదేశాల్లో పాడితే ఆ పల్లెకు ఏం చెందాలి? చివరి ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు, మర్యాదలో ఉంది. ఊరి పేరు, నేర్పిన గురువు పేరు చెప్పి, వచ్చిన దాంట్లో వాటా పంపడం ఆ మర్యాద.

ఒక విషయంలో మాత్రం ఈ సమీక్షకు సందేహం లేదు. పంచాలా వద్దా అన్న నిర్ణయం పాడినవాళ్లది, వాయించినవాళ్లది. ఉచితంగా ఇవ్వదలచుకుంటే వాళ్లే ఇవ్వాలి, దాచుకోదలచుకుంటే వాళ్లే దాచుకోవాలి. నిర్వాహకుడి కెమెరా, సంస్థ చానల్, శ్రోత ఫోను ఆ నిర్ణయాన్ని వాళ్ల చేతుల్లోంచి తీసుకోకూడదు.

అందుకే విదేశాల్లోని తెలుగు సంఘాలకు, తిరుపతి, చిత్తూరు సభా నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే కార్యక్రమానికి మీరు పంపే ఆహ్వాన పత్రంలో మూడు విషయాలు రాయండి: వేదిక లైసెన్సు మేం కడతాం, రికార్డు అసలు ప్రతి వారంలోగా బృందానికి ఇస్తాం, వీడియో కింద తంబురా వేసినవారితో సహా అందరి పేర్లూ పెడతాం. వీటిలో మొదటిదానికి కొంత ఖర్చవుతుంది. మిగతా రెండింటికీ రూపాయి కూడా ఖర్చు లేదు.